సూపర్ హీరోయిన్ వేషం, పుట్టుక కథ: ఏ ఏడు ఏం మారిందో పట్టిక కట్టే పద్ధతి

దశాబ్దాలుగా అచ్చవుతున్న కామిక్స్ నాయికకు ఒకే వేషం ఉండదు, ఒకే పుట్టుక కథా ఉండదు. ఈ మార్పుల మీద రాయాలన్నా, బొమ్మలు వేయాలన్నా, కాస్‌ప్లేకి (పాత్రలా వేషం కట్టడానికి) దుస్తులు కుట్టించాలన్నా ముందు చేతిలో ఒక నమ్మకమైన పట్టిక ఉండాలి. ఆ పట్టికను మొదటి గడి నుంచి చివరి బొమ్మ దాకా ఎలా కట్టాలో ఇక్కడ చెబుతున్నాం. ఉదాహరణగా వండర్ వుమన్‌ని తీసుకున్నాం. కథలో ఆమె అసలు పేరు డయానా, అమెజాన్‌లనే యోధురాళ్లు ఉండే దీవి రాణి కూతురు. ఎనిమిది దశాబ్దాలకు పైగా అచ్చులో ఉన్న పాత్ర కాబట్టి పట్టిక కట్టేవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈమె దగ్గరే కనిపిస్తాయి.

మొదలుపెట్టే ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. వేషానికి ఒక కాలపట్టిక, పుట్టుక కథకు ఇంకో కాలపట్టిక. ఒకటి మారినప్పుడు రెండోది మారాలని లేదు. కెరోల్ డాన్వర్స్‌ని చూడండి. 2012లో ఆమె కెప్టెన్ మార్వెల్ పేరు తీసుకుని, జేమీ మెకెల్వీ రూపొందించిన పైలట్ సూటు లాంటి వేషంలోకి వచ్చింది. ఆమె తల్లి క్రీ అనే గ్రహాంతర జాతి మనిషి అన్న కొత్త పుట్టుక కథ మాత్రం 2018లో వచ్చింది. మధ్యలో ఆరేళ్లు! రెండింటినీ ఒకే వరసలో రాస్తే ఆ ఆరేళ్లు మాయమవుతాయి, "కొత్త వేషంతో పాటు కొత్త కథ" అన్న తప్పుడు మాట మిగులుతుంది.

కావలసినవి

స్ప్రెడ్‌షీట్ ఒకటి, లేదా అడ్డంగా గీతలున్న పెద్ద పుస్తకం. పన్నెండు నుంచి పదిహేను సంచికలు. వాటిలో కనీసం నాలుగయిదు అసలు అచ్చు ప్రతులు గాని, వాటి స్కాన్‌లు గాని అయి ఉండాలి. చివర్లో బొమ్మ వేయడానికి ఏ3 కాగితం, పారదర్శకంగా ఉండే ట్రేసింగ్ కాగితం. అలవాటయ్యాక ఒక్కో సంచికకు ముప్పావు గంట పడుతుంది. మొదటి రెండు మూడింటికి గంటన్నర పట్టినా కంగారు పడకండి.

1. పేరునీ మనిషినీ వేరు చేయండి

మొదటి గడిలో నాయిక పేరు రాయగానే ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: నేను వెతుకుతున్నది ఈ పేరునా, ఈ మనిషినా? బ్యాట్‌గర్ల్ అన్న పేరు కింద బార్బరా గోర్డన్ ఉంది (డిటెక్టివ్ కామిక్స్ 359, 1967), తరవాత కసాండ్రా కెయిన్, స్టెఫనీ బ్రౌన్ కూడా ఉన్నారు. మిస్ మార్వెల్ పేరు 1977లో కెరోల్‌ది, 2014 నుంచి కమలా ఖాన్‌ది. పేరు వెంట పోతే వేషాల చరిత్ర వస్తుంది గాని, పుట్టుక కథలు వేర్వేరు మనుషులవి కలిసిపోతాయి.

వండర్ వుమన్ విషయంలోనూ ఈ చిక్కు ఉంది. 1994–95 ప్రాంతపు సంచికల్లో వండర్ వుమన్ ఎవరో తేల్చే పోటీలో ఆర్టెమిస్ అనే మరో అమెజాన్ గెలుస్తుంది. పేరూ వేషమూ ఆమెకు పోతాయి, డయానా నల్ల దుస్తుల్లో తిరుగుతుంది. మనిషిని వెంబడిస్తున్న పట్టికలో ఆ కాలానికి నల్ల దుస్తులే పడాలి. పేరును వెంబడిస్తుంటే ఆర్టెమిస్ ఒంటిమీది ఎరుపూ నీలమూ పడాలి. రెండూ సరైనవే, కానీ ఒకే గడిలో కాదు. ఈ మార్గదర్శిలో మనం మనిషినే వెంబడిస్తున్నాం.

2. ప్రతి సంచికకూ రెండు తేదీలు

అమెరికన్ కామిక్స్ ముఖచిత్రం మీద ఉన్న నెల, పుస్తకం అంగట్లోకి వచ్చిన నెల కాదు. పాత ప్రతిని స్టాండు మీంచి ఎప్పుడు తీసేయాలో దుకాణదారుడికి తెలియడానికని రెండు మూడు నెలలు ముందుకు జరిపి తేదీ వేసేవారు. అందుకని "ముఖచిత్రం తేదీ", "అమ్మకానికి వచ్చిన తేదీ" అని రెండు నిలువు గడులు పెట్టుకోండి.

ఈ రెండో గడి ఎంత పని చేస్తుందో వండర్ వుమన్ మొదటి సంచికే చూపిస్తుంది. ఆమె తొలిసారి కనబడ్డ ఆల్ స్టార్ కామిక్స్ 8 మీద 1941 డిసెంబర్ – 1942 జనవరి అని ఉంటుంది. ఒంటినిండా అమెరికా జెండా రంగులు, ముఖచిత్రం మీద డిసెంబర్. చూసినవాళ్లు వెంటనే 1941 డిసెంబర్ 7న జరిగిన పెర్ల్ హార్బర్ దాడితో ముడిపెట్టేస్తారు. కానీ ఆ సంచిక అమ్మకానికి వచ్చింది 1941 అక్టోబర్ 21న. అంటే బాంబులు పడకముందే ఆ వేషం గీశారు, రంగులు వేశారు, అచ్చు వేశారు. అప్పటికే యూరప్‌లో యుద్ధం నడుస్తోంది, జెండా రంగుల సూపర్ హీరోలు అంగట్లో ఉన్నారు. ఆ గాలి ఈ వేషానికి తగిలిందని అనొచ్చు. పెర్ల్ హార్బర్ వల్లే పుట్టిందని మాత్రం అనలేం.

తేదీ కోసం ముఖచిత్రం ఒక్కటే చూడకండి. లోపల మొదటి పేజీ అడుగున గాని, ముఖచిత్రం లోపలి వైపు గాని చీమల అక్షరాల్లో ప్రచురణ వివరాలుంటాయి. పత్రిక అసలు పేరు, నెల, సంపుటి, సంచిక సంఖ్య అక్కడ నుంచి ఎత్తి రాసుకోవడం క్షేమం.

3. మైలురాళ్ల సంచికలు ఏరుకోండి

వందల సంచికలు వరసగా చదవక్కర్లేదు. నాలుగు రకాల చోట్ల ఆగితే చాలు: మొదటి కథ; రచయితో చిత్రకారుడో మారిన చోటు; సంచిక సంఖ్య మళ్లీ 1 నుంచి మొదలైన చోటు; టీవీలోనో సినిమాలోనో ఆ నాయిక కనిపించిన ఏడాదికి ముందొకటి, వెనకొకటి.

మూడో రకం దగ్గర సంఖ్యలు తికమక పెడతాయి. వండర్ వుమన్ పత్రిక మొదటి సంపుటి 1942 నుంచి 1986 దాకా 329 సంచికలు. 1987లో మళ్లీ 1 నుంచి మొదలై 2006 దాకా 226. తరవాత మూడో సంపుటి 44. ఈ మూడూ కూడితే 599. అందుకే 2010లో 45వ సంచిక రావలసిన చోట 600 అని వేశారు. 2011లో మళ్లీ 1కి వచ్చారు, 2016లో ఇంకోసారి. "వండర్ వుమన్ 1వ సంచిక" అని రాసి వదిలేస్తే అది 1942దో, 1987దో, 2006దో, 2011దో, 2016దో ఎవరికీ తెలియదు. సంచిక సంఖ్య పక్కన ఏడాది లేని గడిని ఖాళీ గడి కిందే లెక్కేయండి.

ఇక రచయిత పేరు. 1940లలో కథ మీద చార్లెస్ మౌల్టన్ అని ఉంటుంది. అది విలియమ్ మౌల్టన్ మార్‌స్టన్ కలం పేరు. అయితే 1944 నుంచి జాయ్ హమ్మెల్ రాసిన కథలు కూడా ఆ పేరు మీదే వచ్చాయి. మార్‌స్టన్ 1947లో పోయారు, కథలు రాబర్ట్ కానిగర్ చేతికి వెళ్లాయి. బొమ్మలు మాత్రం 1958 దాకా హెచ్. జి. పీటర్ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి "రాసినవారు", "గీసినవారు" అన్నవి కూడా వేర్వేరు గడులే. అచ్చులో పేరు ఉన్నంత మాత్రాన ఫలానా మార్పు ఆయన ఆలోచనే అని తేల్చేయకండి.

4. వేషాన్ని ముక్కలు చేసి రాయండి

"కొత్త వేషం" అని ఒక్క మాటలో రాసిన గడి పనికిరాదు. తల నుంచి పాదం దాకా పది గడులు పెట్టండి: నుదురు, జుట్టు, మెడ, భుజాలు, ఛాతీ మీది గుర్తు, నడుము, నడుము కింద, చేతులు, పాదాలు, చేతిలోని ఆయుధం. ప్రతి సంచికలో మూడు బొమ్మలు చూడండి. ముఖచిత్రం, లోపల నిలువెత్తున కనబడ్డ మొదటి ప్యానెల్ (పేజీలో చట్రం కట్టిన ఒక్కో బొమ్మ), వెనక నుంచి కనబడ్డ ప్యానెల్ ఒకటి. వెనక వైపు చూడకపోతే రవికకు వీపు ఉందో లేదో, భుజాల వెనక వేలాడే కేప్ ఎక్కడ తగిలించారో ఎప్పటికీ తేలదు. కుట్టించుకునేవాళ్లకైతే ఇదే ముఖ్యం.

ఈ పద్ధతిలో 1941 గడి నింపితే ఇలా వస్తుంది: నుదుట ఎర్రచుక్క (నక్షత్రం) ఉన్న బంగారు పట్టీ, భుజాలు ఖాళీ, ఎర్రటి పై భాగం మీద బంగారు గద్ద, కింద తెల్లచుక్కల నీలం, విచ్చుకున్న పావడాలా కనిపించే గుడ్డ, చేతులకు కంకణాలు, తెల్ల చార ఉన్న ఎర్ర బూట్లు. ఆయుధం గడి ఖాళీ. అవును, ఖాళీయే! ఆమె ఆయుధమైన బంగారు పాశం (ఉచ్చు తాడు) మొదటి కథలో లేదు. అది 1942 జూన్ తేదీతో వచ్చిన సెన్సేషన్ కామిక్స్ 6లో మొదలైంది. 1941 వేషం అని చెప్పి నడుముకు పాశం తగిలించిన బొమ్మలు ఎన్నో కనబడతాయి. అవన్నీ జ్ఞాపకం మీద ఆధారపడి వేసినవి. ఆ పావడా లాంటి గుడ్డ కూడా ఎక్కువ కాలం నిలవలేదు, త్వరలోనే ఒంటికి అతుక్కున్న పొట్టి నిక్కరు అయిపోయింది.

గడులు నింపుతూ పోతే మారనివీ మారినవీ విడివిడిగా బయటపడతాయి. 1950ల తొలి ఏళ్లకు బూట్లు పోయి, పిక్కల మీదికి పట్టీలు చుట్టిన చెప్పులు వచ్చేశాయి. మిగతాదంతా దాదాపు పాతదే. 1968లో మొత్తం పోయింది. శక్తులు వదులుకుని, మామూలు ప్యాంటు చొక్కాల్లో కరాటే దెబ్బలు కొట్టే డయానా వచ్చింది. ఈ కాలానికి చాలామంది తెల్లటి ప్యాంటు సూటు ఒక్కటే రాసుకుంటారు. మొదటి సంచికల్లో ఆమె రకరకాల రంగుల బట్టలు వేసింది, తెలుపు తరవాత స్థిరపడింది. 1973 జనవరి–ఫిబ్రవరి తేదీతో వచ్చిన 204వ సంచికతో పాత వేషం తిరిగొచ్చింది. 1982లో ఛాతీ మీది గద్ద స్థానంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు డబ్ల్యూల గుర్తు వచ్చింది. 2010లో 600వ సంచికతో జిమ్ లీ గీసిన పొడవాటి నల్ల ప్యాంటు, పొట్టి జాకెట్టు. 2011లో మళ్లీ కాళ్లు బయటికి, బంగారం స్థానంలో వెండి. 2016లో ఆ ఏటి మార్చిలో విడుదలైన సినిమాలోని కవచం లాంటి వేషానికి దగ్గరగా, పావడాతో సహా.

ఒక్క హెచ్చరిక. నిక్కరు మీది చుక్కలు లెక్కపెట్టకండి. ప్రతి ప్యానెల్‌లో చేత్తో వేసిన చుక్కలవి. బొమ్మ చిన్నదైతే నాలుగు, పెద్దదైతే పన్నెండు. చుక్కల సంఖ్య తగ్గిందని "వేషం మారింది" అని రాస్తే లేని మార్పును పుట్టించినట్టే.

5. రంగును అసలు అచ్చులోనే చూడాలి

పాత కామిక్స్‌లో రంగు అంటే నాలుగు సిరాలు. నలుపు గీతలకు. మిగతా మూడు, అంటే ఆకాశనీలం, గులాబీ ఎరుపు, పసుపు, ఒక్కోటీ పాతిక శాతం, యాభై శాతం, నిండుగా. లేదా అసలు లేకుండా. నాలుగు నాలుగులు పదహారు, మళ్లీ నాలుగులు అరవైనాలుగు. ఆ అరవైనాలుగు రంగుల్లో లోహపు బంగారం లేదు. అందుకే నుదుటి పట్టీ, గద్ద, పాశం మూడూ పచ్చిపసుపులో ఉంటాయి. పట్టికలో "బంగారు" అని రాసి పక్కన "పసుపుగా అచ్చు" అని చేర్చండి. కథ చెప్పేది ఒకటి, సిరా చూపేది ఇంకొకటి, రెండూ కావాలి.

జుట్టు కూడా ఇంతే. ఆమెది నల్లజుట్టు. నలుపు మీద మెరుపు చూపడానికి నీలం వాడతారు, అందుకని నీలిజుట్టులా కనబడుతుంది. నీలిజుట్టు అని రాయకండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, కొత్తగా వేసిన గట్టి అట్టల సంకలనం నుంచి రంగు తీసుకోవడం. నిగనిగలాడే కాగితం మీద, కంప్యూటర్‌లో మళ్లీ రంగు నింపిన పేజీలవి. న్యూస్‌ప్రింట్ మీద ఎరుపు కాస్త ఇంకిపోయి మసకగా ఉంటుంది. సంకలనంలో అదే ఎరుపు అరుస్తుంది. అసలు ప్రతి స్కాన్ దొరికితే పేజీ అంచున ఉన్న ఖాళీ తెలుపును చూసి పోల్చండి. ఆ తెలుపు గోధుమరంగుకు తిరిగి ఉంటే కాగితం ముదిరిందన్నమాట, మీరు చూస్తున్న రంగులన్నింటినీ అంత మేరకు పసుపు తగ్గించి అర్థం చేసుకోవాలి.

6. పుట్టుక కథకు అయిదు ప్రశ్నలు

ఈ అంచె దగ్గర తొందరపడకండి. పుట్టుక కథను ఒక పేరాగా రాసుకుంటే ఎక్కడ మారిందో పట్టుకోలేరు. అయిదు ప్రశ్నలకు అయిదు గడులు పెట్టండి: కన్నదెవరు? శక్తి ఇచ్చిందెవరు? ఇల్లు ఏది? ఇల్లు ఎందుకు వదిలింది? ఈ వేషం ఎవరు తయారుచేశారు, ఎందుకు? ప్రతి జవాబునూ ఆ సంగతి *అచ్చయిన* ఏడాది కింద రాయండి. 1987లో వచ్చిన కథ "వేల ఏళ్ల కిందట" అని మొదలుపెట్టినా అది 1987 గడిలోనే పడాలి. పాత కథను కొత్త కథ దిద్దినప్పుడు పాత గడిని తుడిచేయొద్దు. తుడిస్తే 1942 పాఠకుడు ఏం చదివాడో ఇక ఎవరికీ తెలియదు.

ఇలా రాస్తే వెంటనే ఒక సంగతి తేలుతుంది. బంకమట్టితో తల్లి హిప్పోలిటా చేసిన బొమ్మకు దేవత ఆఫ్రొడైటీ ప్రాణం పోసిందన్న ప్రసిద్ధ కథ మొట్టమొదటి సంచికలో లేదు. అక్కడ డయానా రాణి కూతురు, పోటీలో గెలిచి, దీవిలో కూలిన అమెరికన్ పైలట్ స్టీవ్ ట్రెవర్‌ని తీసుకుని అమెరికా వెళ్తుంది, అంతే. మట్టి కథ 1942 వేసవి తేదీ ఉన్న వండర్ వుమన్ 1వ సంచికలో వచ్చింది. 1959లో 105వ సంచిక ఉయ్యాలలోని పాపకు దేవతలు వరాలిచ్చారంది. ఆఫ్రొడైటీ అందం, అథీనా తెలివి, మెర్క్యురీ వేగం, హెర్క్యులిస్ బలం. దీవికి చేరకముందే అమెజాన్‌ల మగవాళ్లు యుద్ధాల్లో చనిపోయారని కూడా చెప్పింది. వేషం మీద ఒక్క కుట్టు కూడా మారలేదు!

1987లో రచయిత, చిత్రకారుడు జార్జ్ పెరెజ్ వచ్చాక మట్టి తిరిగొచ్చింది, మరింత లోతుగా. మగవాళ్ల చేతుల్లో చనిపోయిన స్త్రీల ఆత్మలే అమెజాన్‌లుగా మళ్లీ పుట్టాయి. హిప్పోలిటా అలా చనిపోయినప్పుడు ఆమె కడుపులో ఉన్న పుట్టని బిడ్డ ఆత్మే ఆ మట్టిలోకి వచ్చింది. కథ మొత్తం తిరగరాశారు, వేషం మాత్రం దాదాపు అలాగే ఉంచారు. 2011లో బ్రయాన్ అజరెల్లో రాసిన కథలో మట్టి సంగతి తల్లి చెప్పిన అబద్ధమయింది, తండ్రి గ్రీకు దేవతల రాజు జ్యూస్.

అయిదో ప్రశ్న అందరూ మరిచిపోయేది, అన్నింటికన్నా రుచైనది. అమెరికా ఎక్కడుందో తెలియని దీవిలో అమెరికా జెండా రంగుల గుడ్డలు ఎందుకున్నాయి? 1941 జవాబు: కూతురు అమెరికా వెళ్తోంది కాబట్టి రాణే ఆ దేశం కోసం తయారుచేసింది. పెరెజ్ కాలపు జవాబు: అంతకుముందు ఆ దీవిలో కూలి, అమెజాన్‌లతో కలిసి పోరాడి చనిపోయిన అమెరికన్ పైలట్ డయానా ట్రెవర్ గుర్తుల నుంచి ఆ వేషం వచ్చింది. ఆమె స్టీవ్ తల్లి, మన నాయికకు పేరు కూడా ఆమెదే. గుడ్డ అదే. 1941లో అది ప్రయాణానికి కుట్టిన బట్ట, 1980లలో చనిపోయిన యోధురాలికి పెట్టిన దండం.

కంకణాలను కూడా ఇలాగే దగ్గరగా చూడండి. ఎనభై ఏళ్ల బొమ్మల్లో దాదాపు ఎప్పుడూ ఆ చేతుల మీదే ఉన్నాయి. వేషం గడిలో "మార్పు లేదు" అని రాసుకుంటూ పోవచ్చు. అర్థం గడిలో అలా కుదరదు. 1940ల కథల్లో అవి హెర్క్యులిస్ చేతిలో బానిసలైన రోజుల గుర్తు. మగవాడు వాటికి గొలుసు బిగిస్తే బలం పోతుంది, తీసేస్తే ఆమెకు అదుపు తప్పుతుంది. 2011 తరవాతి కథలో అవి దైవశక్తిని కట్టిపెట్టే మూతలు. తీస్తే ఆ శక్తి బయటికి దూకుతుంది. ఒక వస్తువు పక్కన "ఏమిటి", "ఎందుకు" అని రెండు గడులు పెట్టమనేది ఇందుకే.

7. కారణానికి మూడు తరగతులు

"ఎందుకు మారింది" అన్న గడి అందరికీ ఇష్టం, అక్కడే ఊహలు జొరబడతాయి. ప్రతి కారణానికీ ఒక అంకె వేయండి. 1 అంటే ప్రచురణకర్తో, రచయితో, చిత్రకారుడో అచ్చులో చెప్పినది. 2 అంటే తేదీలు, పేజీలు కలిసి చూపించేది. 3 అంటే మన అంచనా. మూడో అంకె వేయడంలో సిగ్గుపడాల్సింది లేదు. అంకె వేయకపోవడమే తప్పు.

రెండో తరగతికి మంచి ఉదాహరణ టీవీ. లిండా కార్టర్ నటించిన ధారావాహిక 1975 నవంబర్‌లో మొదలైంది, మొదట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నడిచింది. కామిక్స్ పత్రిక 228వ సంచిక నుంచి 243వ సంచిక దాకా, అంటే 1977 ఫిబ్రవరి నుంచి 1978 మే దాకా, అదే యుద్ధ కాలానికి వెళ్లిపోయింది. టీవీ కథ 1977లో వర్తమానానికి వచ్చేసింది, పత్రిక కూడా వెనకాలే వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పకపోయినా తేదీలు చెబుతున్నాయి.

తిరగబడే కారణం ఒకటి: కామిక్స్ కోడ్. 1954 అక్టోబర్‌లో అమెరికన్ ప్రచురణకర్తలు ఒప్పుకున్న ఆ నియమావళిలో పాత్రల దుస్తులు సమాజానికి ఆమోదయోగ్యంగా ఉండాలని, స్త్రీల శరీరాలను అతిశయం లేకుండా గీయాలని ఉంది. అందుకని 1950లలో ఏ వేషం మారినా కోడ్ మీదికి నెట్టేస్తారు. మన పట్టికలో బూట్లు చెప్పులైంది కోడ్ కంటే ముందు. కోడ్ వచ్చాక ఆమె నిక్కరు పొడవు కాలేదు, భుజాలు కప్పుకోలేదు. ఆ గడిలో కోడ్ పేరు రాయడానికి ఆధారం లేదు.

పత్రిక బయట కనబడే బొమ్మలకూ వేరే వరస కావాలి. 1972 జూలైలో మిజ్ అనే అమెరికన్ స్త్రీవాద పత్రిక తన ముఖచిత్రం మీద వండర్ వుమన్‌ని నిలువెత్తున వేసింది, పాత వేషంలో. అప్పటికి కామిక్స్‌లో ఆమె ప్యాంటుల్లో తిరుగుతోంది, పాత వేషం రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ ముఖచిత్రాన్ని కామిక్స్ వరసలో కలిపితే "1972లో వేషం తిరిగొచ్చింది" అన్న తప్పు పుడుతుంది. ప్రచార చిత్రాలూ అంతే. 2011 పునఃప్రారంభానికి ముందు విడుదలైన బొమ్మల్లో ఆమెకు పొడవాటి ప్యాంటు ఉంది. అచ్చుకు వచ్చేసరికి తీసేశారు. అచ్చయిన పేజీయే సాక్ష్యం.

8. తప్పులోంచి పుట్టిన నాయిక

"కల్పిత కథ", "అసాధ్య కథ" అని ప్రకటించి వేసిన సంచికలకు పట్టికలో విడిగా గుర్తు పెట్టండి. పెట్టకపోతే ఏమవుతుందో ప్రచురణకర్తల దగ్గరే జరిగింది. 1960ల మొదట్లో కానిగర్ కథల్లో వండర్ వుమన్, తన పడుచు వయసు రూపమైన వండర్ గర్ల్, పసిరూపమైన వండర్ టాట్ ముగ్గురూ ఒకే కథలో కలిసి తిరిగేవారు. అవి అసాధ్య కథలని చెప్పే వేశారు. 1965లో ద బ్రేవ్ అండ్ ద బోల్డ్ 60లో వండర్ గర్ల్‌ని విడి మనిషిగా తీసుకుని కుర్ర హీరోల జట్టులో చేర్చేశారు. ఆమె వండర్ వుమన్ చిన్నతనమే అయితే ఇద్దరూ ఒకే కాలంలో ఎలా ఉంటారు?

నాలుగేళ్లు ఎవరూ జవాబు చెప్పలేదు. 1969లో టీన్ టైటన్స్ 22లో జవాబు వచ్చింది. మంటల్లో ఉన్న భవనం నుంచి వండర్ వుమన్ కాపాడి దీవికి తీసుకెళ్లిన పసిపాప ఆమె, పేరు డోనా ట్రాయ్. అదే సంచికలో ఎర్రటి కొత్త వేషం కూడా ఇచ్చారు. వేషమూ కథా ఒకే రోజున మారిన అరుదైన సందర్భమిది, అది కూడా పొరపాటును సర్దడానికి. ఇలాంటి చోట పట్టికలో రెండు వరసలకూ ఒకే సంచిక సంఖ్య పడుతుంది. ఆ గడికి రంగు వేసి ఉంచండి, పట్టిక మొత్తంలో అలాంటివి ఎన్ని తక్కువో మీకే తెలుస్తుంది.

9. బోర్డు మీదికి ఎక్కించడం

ఏ3 కాగితం అడ్డంగా పెట్టండి. వెడల్పు 42 సెంటీమీటర్లు. ఒకే మూస బొమ్మ గీయండి. ఎత్తు 16 సెంటీమీటర్లు, తల 2 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది తలల ఎత్తు. చేతులు ఒంటికి కాస్త ఎడంగా, ముఖం నేరుగా. ట్రేసింగ్ కాగితంతో ఆ మూసనే ఎనిమిదిసార్లు దించండి, ఒక్కోదానికి నాలుగున్నర సెంటీమీటర్ల చోటు. మొత్తం 36, రెండు పక్కలా మూడేసి మిగులుతాయి. చిత్రకారుల భంగిమలు ఎత్తి వేస్తే చూసేవాళ్లకు వేషం తేడా కాకుండా ఒంటి తీరు తేడా కనబడుతుంది. అందుకే ఒకే మూస.

ఎనిమిది బొమ్మలకు ఏళ్లు: 1941, 1950ల చెప్పులు, 1968, 1973, 1982, 2010, 2011, 2016. 1994–95 నల్ల దుస్తులు కావాలంటే చిన్న సైజులో పక్కన వేయండి. 1973, 1982 బొమ్మలు గద్ద తప్ప ఒకేలా వస్తాయి. విసుగొచ్చి ఒకటి తీసేయకండి, ఆ పక్కపక్క పోలికే చూపించాల్సింది.

బొమ్మల కింద రెండు పట్టీలు గీయండి, ఒకటి వేషానిది, దాని కింద పుట్టుక కథది. ఏడాదికి అర సెంటీమీటరు. 1941 నుంచి 2016 దాకా 75 ఏళ్లు, 37.5 సెంటీమీటర్లు, కాగితంలో పడుతుంది. పై పట్టీ మీద వేషం మారిన ఏళ్ల దగ్గర నిలువు గీత, కింది పట్టీ మీద కథ మారిన ఏళ్ల దగ్గర నిలువు గీత: 1942, 1959, 1987, 2011. బొమ్మలు సమానదూరంలో ఉంటాయి, ఏళ్లు ఉండవు. కాబట్టి ఒక్కో బొమ్మ పాదాల నుంచి దాని ఏడాదికి సన్నటి ఏటవాలు గీత లాగండి.

1959 గీతకు పైన ఏమీ ఉండదు. 1982 గీతకు కింద ఏమీ ఉండదు. ఇక్కడ రాసుకున్న ఏళ్లలో రెండూ కలిసేది 2011 దగ్గర. మీ బోర్డు మీద అంతకంటే ఎక్కువ చోట్ల గీతలు కలిశాయంటే వెనక్కి వెళ్లి ఆ సంచికల మొదటి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు మళ్లీ చదవండి.